బెంచ్‌మార్క్ అంకెలు నిలకడగా రావాలంటే: వెనక నడిచే ప్రాసెస్‌లనూ ప్రయారిటీలనూ ఎలా సర్దుకోవాలి

ఒకే ప్రోగ్రాం, ఒకే ఇన్‌పుట్, ఒకే లాప్‌టాప్. పొద్దున రన్ చేస్తే 8.2 సెకన్లు, మధ్యాహ్నం 9.6, రాత్రి మళ్ళీ 8.3. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. ఇలాంటి సిస్టం మీద కొలిచి "కొత్త ఆల్గారిథంతో 12 శాతం వేగం పెరిగింది" అని ప్రాజెక్టు రిపోర్టులో రాస్తే, అందులో ఆల్గారిథం ఘనత ఎంతో, ఆ పూట యాంటీవైరస్ ఊరుకోవడం వల్ల వచ్చింది ఎంతో ఎవరూ తేల్చలేరు. కానూరులోనో నంబూరులోనో ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నా, బెంజి సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసులో కూర్చుని క్లయింటుకు పెర్ఫార్మెన్స్ రిపోర్టు పంపాల్సి వచ్చినా ఇబ్బంది ఇదే. కింది పద్ధతి ఉబుంటు లాంటి లినక్స్‌కు సరిపోతుంది. విండోస్ సంగతి తర్వాత విడిగా ఉంది.

చాలామంది మొదట చేసే పని తమ ప్రోగ్రాం ప్రయారిటీ పెంచడం. నిజానికి అది చివర్లో, అవసరమైతేనే చేయాల్సిన పని. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.

1. ముందు మీ సిస్టం ఎంత ఊగుతోందో కొలవండి

పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పోల్చే ముందు, పాత కోడ్‌ను పాత కోడ్‌తోనే పోల్చండి. ఒక కమాండ్‌ను చాలాసార్లు నడిపి టైమ్ కొలిచే హైపర్‌ఫైన్ టూల్ వేసుకుని ఒకే కమాండ్‌ను రెండుసార్లు వేర్వేరు పోటీదారుల్లా ఇవ్వండి. వార్మప్ (లెక్కలోకి రాని ముందు రన్‌లు) 3, రన్‌లు 20 పెట్టండి. వార్మప్ లేకపోతే మొదటి రన్ ఫైళ్ళను డిస్క్ నుంచి చదువుతుంది, మిగతావి మెమరీలోని క్యాష్ నుంచి చదువుతాయి. ఆ ఒక్క రన్ సగటును లాగేస్తుంది.

రెండూ ఒకే ప్రోగ్రాం కాబట్టి తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. మధ్యస్థాల (మీడియన్ల) మధ్య 3 శాతం తేడా వచ్చిందంటే, ఈ సిస్టం మీద 2 శాతం మెరుగుదల గురించి మాట్లాడే అర్హత మీకు ఇంకా రాలేదు. ఈ అంకెను కాగితం మీద రాసిపెట్టుకోండి. కింది ప్రతి మెట్టు తర్వాత మళ్ళీ కొలిస్తే, ఏ మెట్టుకు ఎంత ఫలితం వచ్చిందో కనిపిస్తుంది. ఫలితమివ్వని మెట్టును వదిలేయవచ్చు.

2. మీతో పాటు ఎవరు నడుస్తున్నారో చూడండి

బూట్ అయిన వెంటనే కొలవకండి. లాగిన్ అయిన తర్వాత కొన్ని నిమిషాలు ఇండెక్సింగ్, అప్‌డేట్ చెకింగ్, క్లౌడ్ సింక్ అన్నీ ఒకేసారి లేస్తాయి. అప్‌టైమ్ కమాండ్ ఇచ్చే మూడు లోడ్ యావరేజీల్లో మొదటిది సున్నా దరిదాపులకు దిగేదాకా ఆగండి. లినక్స్‌లో ఈ అంకెలోకి డిస్క్ కోసం కాచుకున్న ప్రాసెస్‌లు కూడా వస్తాయి. అందుకే సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ ఎక్కువ కనిపిస్తే డిస్క్ మీద ఏదో నడుస్తోందని అర్థం.

తర్వాత సిస్టం పనిని అంకెల్లో చూపే వీఎంస్టాట్‌ను ఒక సెకను విరామంతో పది సెకన్లు వదలండి. మొదటి వరుస బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని చూడొద్దు. మిగతా వరుసల్లో ఆర్ అనే నిలువు వరుస నడుస్తున్నవీ నడవడానికి కాచుకున్నవీ ఎన్నో చెబుతుంది. మీరేమీ నడపనప్పుడు అక్కడ తరచూ 1, 2 కనిపిస్తుంటే, ప్రాసెస్‌ల జాబితా చూపే టాప్ తెరిచి పేరు పట్టుకోండి.

ఇప్పుడు కనిపించేవాళ్ళ కంటే, ఇంకో అరగంటకు లేచేవాళ్ళు ప్రమాదం. సిస్టం‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ అంటే ఏ టైమర్ ఎప్పుడు మోగుతుందో, ఇంకా ఎంతసేపు ఉందో వరుసగా వస్తుంది. ఉబుంటులో ఏపీటీ-డైలీ, ఏపీటీ-డైలీ-అప్‌గ్రేడ్, లాగ్‌రొటేట్, మ్యాన్-డీబీ, వారానికోసారి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ మామూలుగా ఉంటాయి. ఏపీటీ-డైలీకి టైమ్ చాలా గంటల పరిధిలో యాదృచ్ఛికంగా పడుతుంది కాబట్టి "నిన్న ఈ టైముకు రాలేదు" అన్న ధైర్యం పనికిరాదు. కొలత జరిగేంతసేపు ఆ టైమర్లను ఆపండి. డిసేబుల్ చేయకండి, స్టాప్ చాలు. స్టాప్ చేసినవి తర్వాతి బూట్‌లో వాటంతటవే వస్తాయి, డిసేబుల్ చేసినవి మీరు మర్చిపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా ఉండిపోతాయి.

బ్రౌజర్ పూర్తిగా మూసేయండి. ట్యాబ్ కనిపించకపోయినా దాని వెనక టైమర్లు నడుస్తుంటాయి. వీలైతే గ్రాఫికల్ డెస్క్‌టాప్‌నే దింపేసి, పక్క సిస్టం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్ళి నడపడం మేలు. ఇంకో మాట: కొలుస్తున్నప్పుడు టాప్, హెచ్‌టాప్, టెంపరేచర్ చూపించే విడ్జెట్ లాంటివి తెరిచి ఉంచితే వాళ్ళు కూడా పోటీదారులే.

3. అడ్డుపడింది ఎవరో అంకెల నుంచి చదవండి

అసలు విద్య ఇక్కడుంది. కాస్త నిదానంగా చదవండి.

టైమ్ కమాండ్ మూడు అంకెలిస్తుంది: రియల్ (గడియారం టైమ్), యూజర్ (ప్రోగ్రాం కోడ్ సీపీయూ మీద ఉన్న టైమ్), సిస్ (దాని కోసం కర్నెల్ సీపీయూ మీద ఉన్న టైమ్). ఒకే థ్రెడ్ ఉన్న ప్రోగ్రాంకు రియల్ 20.1 సెకన్లు, యూజర్ 9.9, సిస్ 0.1 వచ్చాయనుకోండి. ప్రోగ్రాం సీపీయూ మీద ఉన్నది 10 సెకన్లే. మిగతా 10 సెకన్లు అది ఎక్కడో నిలబడి ఉంది. డిస్క్ కోసమా, సీపీయూ వంతు కోసమా? జీఎన్‌యూ టైమ్‌ను వెర్బోస్ ఆప్షన్‌తో రన్ చేస్తే కాంటెక్స్ట్ స్విచ్‌లు (సీపీయూ ఒక ప్రాసెస్‌ను వదిలి ఇంకోదాన్ని పట్టుకోవడం) రెండు రకాలుగా విడదీసి చూపిస్తుంది. బాష్‌లో ఉండే టైమ్‌కు ఈ వసతి లేదు, కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని దాని పూర్తి పాత్ ఇచ్చి పిలవాలి. వాలంటరీ స్విచ్‌లు ఎక్కువుంటే ప్రోగ్రామే ఏదో కావాలని ఆగింది: డిస్క్, నెట్‌వర్క్, లాక్. ఇన్‌వాలంటరీ స్విచ్‌లు వేలల్లో ఉంటే షెడ్యూలర్ (సీపీయూ వంతులు పంచే కర్నెల్ భాగం) దాన్ని లేపి ఆ చోట్లో ఇంకొకరిని కూర్చోబెట్టింది. రెండోది కనిపిస్తే రెండో మెట్టులో మీకు ఎవరో తప్పిపోయారన్నమాట.

అయితే టైమ్‌కు చిక్కని దొంగ ఒకడున్నాడు. హైపర్‌థ్రెడింగ్ ఉన్న ప్రాసెసర్‌లో ఒక భౌతిక కోర్ రెండు సీపీయూలుగా కనిపిస్తుంది. మీ ప్రోగ్రాం ఒకదాని మీద, ఇంకేదో ప్రాసెస్ దాని జంట మీద నడిస్తే, షెడ్యూలర్ మిమ్మల్ని ఒక్కసారి కూడా లేపదు. ఇన్‌వాలంటరీ స్విచ్‌లు అతి తక్కువే ఉంటాయి. రియల్, యూజర్ ఒకదానికొకటి సరిపోతాయి. అంతా శుభ్రంగా కనిపిస్తూనే రెండూ కలిసి పెరుగుతాయి, ఎందుకంటే లోపలి యూనిట్లనూ క్యాష్‌నూ ఇద్దరూ పంచుకుంటున్నారు.

దీన్ని పట్టడానికి ప్రాసెసర్ లోపలి కౌంటర్లను చదివే పెర్ఫ్ స్టాట్ కావాలి. ఉబుంటులో మామూలు యూజర్‌కు దీనికి అనుమతి ఉండదు, సూడో (అడ్మిన్ హక్కుతో నడపడం) కావాలి. చూడాల్సినవి మూడే: ఇన్‌స్ట్రక్షన్లు, సైకిళ్ళు, సైకిళ్ళ పక్కన వచ్చే గిగాహెర్ట్జ్. మంచి రన్‌నూ చెడ్డ రన్‌నూ పక్కపక్కన పెట్టి ఇలా చదవండి.

ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్యే పెరిగితే ప్రోగ్రాం నిజంగా ఎక్కువ పని చేసింది. ఇన్‌పుట్ మారిందేమో, స్పిన్ లాక్ దగ్గర (లాక్ దొరికేదాకా లూపులో) తిరుగుతోందేమో చూడండి. ఇన్‌స్ట్రక్షన్లు అంతే ఉండి సైకిళ్ళు పెరిగితే అంత పనికీ ఎక్కువ చక్రాలు తిరగాల్సొచ్చింది: జంట సీపీయూ మీద ఎవరో ఉన్నారు, లేదా పక్క కోర్ మీది ప్రాసెస్ క్యాష్‌నో మెమరీ దారినో నింపేస్తోంది. ఇన్‌స్ట్రక్షన్లు, సైకిళ్ళు రెండూ దాదాపు అంతే ఉండి, టైమ్ మాత్రం పెరిగి గిగాహెర్ట్జ్ తగ్గితే ప్రాసెసర్ వేగం దిగింది: వేడి, బ్యాటరీ, లేదా గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే లినక్స్ సెట్టింగు). ఈ మూడింటికీ మందులు వేరు. ప్రయారిటీ పెంచడం ఈ మూడింటిలో ఒక్కదానికీ మందు కాదు.

వర్చువల్ మెషీన్ లోపల ఈ కౌంటర్లు చాలాసార్లు అందుబాటులో ఉండవు. అక్కడ వీఎంస్టాట్‌లో ఎస్‌టీ నిలువు వరుస చూడండి. అది సున్నా కాకపోతే ఆ టైమ్‌ను మీ పక్క అద్దెదారు తీసుకున్నాడు. దాన్ని మీరు సర్దలేరు, ఇంకో మెషీన్ తీసుకోవాల్సిందే. ప్రోగ్రాంలను విడి కంటైనర్లలో నడిపే డాకర్‌లో పరిమితి సగం సీపీయూ అని పెట్టుంటే మామూలుగా ప్రతి 100 మిల్లీసెకన్లకు 50 వాడుకోగానే కంటైనర్‌ను నిలిపేస్తారు. సీగ్రూప్ (ప్రాసెస్ గుంపులకు వాటాలు, పరిమితులు పెట్టే లినక్స్ ఏర్పాటు) సీపీయూ స్టాట్ ఫైల్లో థ్రాటిల్ లెక్క పెరుగుతుంటే కారణం అదే.

4. ఒక కోర్‌కు కట్టేయండి

ఎల్ఎస్‌సీపీయూకు ఇ ఆప్షన్ ఇచ్చి పట్టిక తీయండి. కోర్ నిలువు వరుసలో ఒకే నంబరు ఉన్న రెండు సీపీయూలు జంట. గరిష్ఠ మెగాహెర్ట్జ్ నిలువు వరుసలో కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి బాగా తక్కువ ఉంటే మీది పెద్ద కోర్లూ చిన్న కోర్లూ కలిసిన ప్రాసెసర్. 2021 చివర్లో వచ్చిన ఇంటెల్ 12వ తరం నుంచి లాప్‌టాప్‌ల్లో ఇది మామూలైపోయింది. కట్టకుండా వదిలేస్తే ఒక రన్ పెద్ద కోర్ మీద, ఇంకో రన్ చిన్న కోర్ మీద పడి అంకెలు రెండు గుంపులుగా చీలిపోతాయి. ఇలా రెండు గుంపులు కనిపించినప్పుడు సగటు తీయడం కంటే అర్థం లేని పని ఇంకోటి లేదు.

సీపీయూ 0 వదిలేయండి, ఇంటరప్టులు ఎక్కువగా అక్కడికే చేరే అవకాశం ఉంది. ఒక పెద్ద కోర్‌ను, ఉదాహరణకు 4ను ఎంచుకుని టాస్క్‌సెట్‌తో ప్రోగ్రాంను దానికి కట్టండి. దాని జంట 5 అయితే, సీపీయూ 5 ఆన్‌లైన్ ఫైల్లో 0 రాసి దాన్ని పడుకోబెట్టండి. మూడో మెట్టులోని దొంగకు ఇంతకన్నా సూటి మందు లేదు.

రెండు జాగ్రత్తలు. ఎనిమిది థ్రెడ్లున్న ప్రోగ్రాంను ఒక్క సీపీయూకు కడితే అవన్నీ వంతులవారీగా నడుస్తాయి, మీరు కొలిచేది ఇంకేదో అవుతుంది. థ్రెడ్లెన్నో అన్ని సీపీయూలు ఇవ్వాలి. రెండోది, టాస్క్‌సెట్ మిమ్మల్ని బయటికి పోకుండా ఆపుతుందే గానీ ఇతరులను లోపలికి రాకుండా ఆపదు. అది కూడా కావాలంటే బూట్ లైన్లో ఐసోల్‌సీపీయూస్ పెట్టాలి. మిల్లీసెకన్ల స్థాయి కొలతలకు అది కావాలి, పది సెకన్ల ప్రోగ్రాంకు మాత్రం అక్కర్లేదు.

5. ప్రయారిటీ: ఏం చేస్తుంది, ఏం చేయలేదు

లినక్స్‌లో ప్రయారిటీని తెలిపే నైస్ విలువ మైనస్ 20 నుంచి 19 దాకా ఉంటుంది. అంకె చిన్నదైతే వంతు పెద్దది. కర్నెల్ లోపల నైస్ 0కు తూకం 1024, నైస్ 1కి 820, నైస్ 10కి 110, నైస్ 19కి 15. ఒకే సీపీయూ మీద నైస్ 0 వాడూ నైస్ 10 వాడూ పోటీపడితే 1024ను 1134తో భాగించండి: మొదటివాడికి 90 శాతం. నైస్ 1తో పోటీ అయితే సుమారు 55, 45. ఈ లెక్క ఇద్దరూ ఒకే సీపీయూ కోసం కాచుకున్నప్పుడే. సీపీయూ ఖాళీగా ఉంటే నైస్ 19 వాడికి కూడా నూరు శాతం దొరుకుతుంది.

ఇంద్రకీలాద్రి మీద శీఘ్ర దర్శనం టికెట్టు కొంటే మీరు ముందుకు వెళ్తారు గానీ కొండ మీద జనం తగ్గరు. నైస్ కూడా అంతే. సీపీయూ వంతు ఒక్కటే మీకు ముందు వస్తుంది. వెనక నడిచే ప్రాసెస్ పక్క కోర్ మీద నడుస్తూ క్యాష్ ఖరాబు చేయడం, మెమరీ దారి నింపడం, మొత్తం చిప్‌ను వేడెక్కించి మీ కోర్ వేగం కూడా తగ్గించడం ఆగవు. అందుకే ముందు ఆపడం, తర్వాత కట్టడం, ఆ తర్వాతే ప్రయారిటీ.

నైస్ పెట్టినా ఏమీ మారలేదని తరచూ ఒక ఫిర్యాదు ఉంటుంది. ఇది మీ చేత్తో చూడొచ్చు. రెండు టెర్మినళ్ళు తెరిచి, రెండింట్లోనూ ఆగకుండా నడిచే యెస్ కమాండ్‌ను అవుట్‌పుట్ డెవ్ నల్‌లోకి (పారబోసే చోటికి) పంపుతూ సీపీయూ 2కు కట్టి నడపండి. మూడో టెర్మినల్ నుంచి ఒకదాన్ని, నైస్ విలువ మార్చే రీనైస్‌తో 19కి దించండి. టాప్‌లో దాదాపు 99, 1 కనిపించాలని మీ అంచనా. చాలా డెస్క్‌టాప్‌ల్లో 50, 50 అలాగే ఉంటుంది. కారణం ఆటోగ్రూప్: ప్రతి టెర్మినల్ సెషన్ ఒక గుంపు, షెడ్యూలర్ ముందు గుంపులకు సమానంగా పంచుతుంది, నైస్ గుంపు లోపలే లెక్కకు వస్తుంది. సీగ్రూపులున్న చోటా ఇదే కథ. షెడ్ ఆటోగ్రూప్ ఎనేబుల్డ్ అనే కర్నెల్ సెట్టింగును 0 చేసి అదే పరీక్ష మళ్ళీ చేయండి. మీరు పెట్టిన ప్రయారిటీ పని చేస్తోందో లేదో ఈ రెండు నిమిషాల పరీక్ష చెప్పినంత స్పష్టంగా ఏ డాక్యుమెంటూ చెప్పదు.

మైనస్ నైస్‌కు రూట్ హక్కు కావాలి. అలాగని ప్రోగ్రాం మొత్తాన్ని సూడోతో నడిపితే దాని హోమ్ ఫోల్డర్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మారిపోతాయి, వేరే లైబ్రరీ ఎక్కవచ్చు. మామూలు యూజర్‌గా షెల్ తెరిచి, సూడోతో ఆ షెల్ ప్రాసెస్ నంబరును రీనైస్ చేయండి. ఆ షెల్ నుంచి పుట్టే పిల్లలందరికీ అదే విలువ వస్తుంది. మైనస్ 10 చాలు.

మామూలు ప్రాసెస్‌లన్నిటికన్నా ముందు వంతు దొరికే రియల్‌టైమ్ ఫిఫో తరగతిలో సీహెచ్‌ఆర్‌టీ కమాండ్‌తో నడిపితే ఇంకా శుభ్రమైన అంకె వస్తుందనే ఆశ ఉంటుంది. సాధారణ సెట్టింగులో రియల్‌టైమ్ ప్రాసెస్‌లకు ప్రతి సెకనులో 950 మిల్లీసెకన్లే ఇచ్చి మిగతా 50 లాక్కునే కర్నెళ్ళు ఎక్కువ. అంటే మీరు శుభ్రం చేయబోయి మీరే ఒక గంటు పెట్టుకున్నట్టు. పైగా మీ ప్రోగ్రాం మామూలు తరగతిలో ఉన్న ఇంకో ప్రాసెస్ కోసం లూపులో తిరుగుతూ కాచుకుంటే, అది అదే సీపీయూ మీద ఉన్నప్పుడు దాదాపు నడవదు, సిస్టం బిగుసుకున్నట్టు ఉంటుంది. సర్వర్, లోడ్ పంపే క్లయింటు ఒకే సిస్టం మీద ఉన్నప్పుడు క్లయింటు ప్రయారిటీ పెంచడం కూడా ఇలాంటి పొరపాటే. సర్వర్ ఆకలితో ఉంటుంది, నెమ్మదైందని రిపోర్టు దాని మీద పడుతుంది.

డిస్క్ వైపు ప్రయారిటీకి ఐయోనైస్ ఉంది గానీ, ఎన్‌విఎంఈ డిస్కులకు ఐఓ షెడ్యూలర్ సాధారణంగా నన్ (ఏదీ లేదు) అని ఉంటుంది. అప్పుడు ఐయోనైస్‌ను పట్టించుకునేవాళ్ళు ఉండరు.

ఇంకో సంగతి. 2007 నుంచి ఉన్న సీఎఫ్‌ఎస్ షెడ్యూలర్ స్థానంలో 2023లో 6.6 కర్నెల్‌తో ఈఈవీడీఎఫ్ వచ్చింది. తనతో వచ్చిన మొదటి కర్నెల్‌తోనే (అంటే సీఎఫ్‌ఎస్‌తో) ఉన్న ఉబుంటు 22.04 మీద పోయినేడాది తీసిన అంకెనూ 24.04 మీద ఈ ఏడాది తీసిన అంకెనూ పక్కపక్కన పెట్టకండి. పాత కోడ్‌ను కొత్త సిస్టం మీద మళ్ళీ రన్ చేయండి.

6. వేడి, కరెంటు

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో లాప్‌టాప్ మొదటి అర నిమిషం టర్బో వేగంతో పరిగెత్తి, తర్వాత చల్లబడలేక దిగిపోతుంది. పాత కోడ్‌ను ముందు 20 సార్లు, కొత్త కోడ్‌ను తర్వాత 20 సార్లు నడిపితే కొత్తది అన్యాయంగా ఓడిపోతుంది. పాతది, కొత్తది, పాతది, కొత్తది అని ఒకటి విడిచి ఒకటి నడపండి. రన్‌ల మధ్య ఇన్ని సెకన్లని కాకుండా, సెన్సర్స్ కమాండ్‌లో ఉష్ణోగ్రత మొదట ఉన్న చోటికి దిగేదాకా ఆగండి. గవర్నర్‌ను సీపీయూపవర్‌తో పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. ఇంటెల్ సిస్టం అయితే నో టర్బో ఫైల్లో 1 రాయండి. అంకెలు కాస్త నెమ్మదిస్తాయి, కానీ నిలబడతాయి. పోల్చడానికి కావలసింది నిలకడే.

ఛార్జర్ పెట్టి ఉంచినా సరిపోదు. మధ్యలో కరెంటు పోతే లాప్‌టాప్ చప్పుడు చేయకుండా బ్యాటరీకి మారి పవర్ తగ్గిస్తుంది, రన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. స్క్రిప్టులో ప్రతి రన్‌కూ ముందు, వెనక ఛార్జర్ స్థితిని, గడియారం టైమ్‌ను లాగ్‌లో రాయించండి. ఒక రన్ ఎందుకు నెమ్మదించిందో తర్వాత జర్నల్‌సీటీఎల్‌తో ఆ నిమిషానికి వెళ్ళి చూడొచ్చు. కారణం దొరికితేనే ఆ రన్ తీసేయండి. "తేడాగా ఉంది" అన్నది కారణం కాదు. వెనక పనులు టైమ్‌ను పెంచుతాయే గానీ తగ్గించవు, కాబట్టి సగటు బదులు మధ్యస్థం, దాంతో పాటు కనిష్ఠం ఇవ్వండి.

విండోస్ అయితే

ప్రయారిటీ తరగతుల మూల విలువలు: ఐడిల్ 4, బిలో నార్మల్ 6, నార్మల్ 8, అబవ్ నార్మల్ 10, హై 13, రియల్‌టైమ్ 24. కమాండ్ ప్రాంప్ట్‌లో స్టార్ట్ కమాండ్‌కు హై ఆప్షన్ ఇచ్చి నడపొచ్చు. అఫినిటీ ఆప్షన్‌కు ఇచ్చేది సీపీయూ నంబరు కాదు, హెక్సాడెసిమల్ మాస్క్: 4 అంటే మూడో సీపీయూ, అంటే నంబరు 2. రియల్‌టైమ్ జోలికి పోకండి, మౌస్, కీబోర్డు కూడా స్పందించకుండా పోవచ్చు.

లినక్స్‌లో లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. మామూలు విండోస్‌లో ముందున్న విండో ప్రాసెస్‌కు టైమ్ స్లైస్ మూడింతలు దొరుకుతుంది. కొత్త ప్రాసెసర్ల మీద వెనక్కి పోయిన విండో చిన్న కోర్లకు కూడా చేరవచ్చు. బెంచ్‌మార్క్ మొదలెట్టి విండో మినిమైజ్ చేసి వాట్సాప్ చూస్తే అంకె మారేది అందుకే. విండో ముందే ఉంచి, చేతులు కట్టుకుని కూర్చోండి. అలాగని మరీ ఎక్కువసేపు ముట్టుకోకుండా వదిలినా, సిస్టం ఖాళీగా ఉందనుకుని ఆటోమేటిక్ మెయింటెనెన్స్ మొదలు కావచ్చు.

డిఫెండర్ రియల్‌టైమ్ స్కాన్ చిన్న ఫైళ్ళు ఎక్కువ తెరిచే ప్రోగ్రాంలను బాగా దెబ్బతీస్తుంది. దాన్ని మొత్తంగా ఆపకండి, బెంచ్‌మార్క్ ఫోల్డర్ ఒక్కదాన్ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టండి. నెట్ కనెక్షన్‌ను మీటర్డ్‌గా మారిస్తే చాలా అప్‌డేట్లు డౌన్‌లోడ్ కాకుండా ఆగుతాయి. కాలేజీ ల్యాబ్ సిస్టంలలో అడ్మిన్ పెట్టిన యాంటీవైరస్‌ను మీరు ఆపలేరు. అక్కడ కొలవకుండా ఉండటమే నయం.

అన్నీ ఆపకూడని సందర్భం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ దుకాణంలో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బిల్లు ఎంతసేపట్లో తీస్తుందో తెలియాలంటే, నిర్మానుష్యమైన సిస్టం మీద తీసిన అంకె అబద్ధమే చెబుతుంది. అక్కడ యాంటీవైరస్ ఉంటుంది, బ్రౌజర్ ఉంటుంది, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అలాంటప్పుడు శుభ్రంగా ఉన్న సిస్టం మీద ఒకసారి, కావాలని లోడ్ పెట్టే స్ట్రెస్-ఎన్‌జీతో ఒక వర్కర్, 30 శాతం సీపీయూ లోడ్ పెట్టి ఇంకోసారి కొలవండి. లోడ్ మీరే పెట్టారు కాబట్టి రేపు కూడా అంతే పెట్టగలరు. దానంతటది వచ్చే యాంటీవైరస్ స్కాన్‌తో ఆ వీలు లేదు. ఈ కొలతలో మధ్యస్థం కంటే 20 రన్‌లలో అన్నిటికన్నా నెమ్మదైన రెండింటిని చూడండి. కౌంటర్ ముందు నిలబడ్డ రైతుకు విసుగు వచ్చేది ఆ రెండింటి దగ్గరే.

కొలత అయ్యాక

రిపోర్టులో ప్రాసెసర్ మోడల్, కర్నెల్ వెర్షన్, గవర్నర్, టర్బో ఆన్ లేదా ఆఫ్, ఏ సీపీయూకు కట్టారు, నైస్ ఎంత, ఏ సర్వీసులు ఆపారు, గది ఉష్ణోగ్రత, మొదటి మెట్టులో వచ్చిన ఊగిసలాట శాతం రాయండి. తర్వాత పడుకోబెట్టిన జంట సీపీయూ ఆన్‌లైన్ ఫైల్లో మళ్ళీ 1 రాయండి, టర్బో, గవర్నర్, ఆటోగ్రూప్ సెట్టింగులు పాత స్థితికి తెండి, ఆపిన టైమర్లను స్టార్ట్ చేయండి. విండోస్‌లో డిఫెండర్ ఎక్స్‌క్లూజన్‌ను, మీటర్డ్ సెట్టింగును తప్పకుండా తీసేయండి. పైవాటిలో ఎక్కువ రీబూట్‌తో సర్దుకుంటాయి గానీ, అవి మాత్రం మీరు తీసేదాకా అలాగే ఉంటాయి.